జూలై ఒకటో తారీఖు మనుషులు

మా బావమరిది కొట్లో గల్లాపెట్టెకు ఎడమ పక్కన ఒక రాతబల్ల ఉండేది. కింద బాసింపట్టు వేసుక్కూర్చుని రాసుకునే వాలు బల్ల, మంచి టేకుది. తిరువూరు బళ్ళో నేను హెడ్మాస్టరుగా రిటైరైన వారానికి అతను ఆ బల్ల తుడిపించి, దాని వెనకాల కొత్త పరుపు వేయించి నాకు కబురు పెట్టాడు.

"బావగారూ, ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు? ఇక్కడ నీడపట్టున కూర్చుని నాలుగక్షరాలు రాసుకోండి. మీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది కదా" అన్నాడు.

మాటలో తప్పేం లేదు. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళొచ్చినా బడి మొహం చూడకుండా బస్తాల మధ్య ఆడుకుంటున్న వీణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చి పలక పట్టించింది నేను. మా పెళ్ళయిన ఏడాదే అది. ఇప్పుడు వీడి పక్కన కూర్చుని చిట్టాలు రాస్తుంటే, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ "పాపం, పంతులుగారు బావమరిది పంచన చేరాడు" అనుకోవాలా? ఛీ, దానికన్నా పస్తుండటం నయం.

మావాళ్ళల్లో మగపుట్టుక పుట్టి తక్కెడ పట్టనివాణ్ణి నేనొక్కణ్ణే. తాతలూ తండ్రులూ అన్నదమ్ములూ అందరూ కొట్ల, మిల్లుల మనుషులే. పదహారో ఏట మా నాన్న నన్నొకసారి కొట్లో కూర్చోబెట్టి భోజనానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి, కందిపప్పు కొనడానికొచ్చిన ఆసామికి నేను పప్పు పుచ్చిందని చెప్పి, ఎదురు కొట్టుకు దారి చూపిస్తున్నాను. "వీడు అమ్మడానికి పనికిరాడు, చదువుకు తగలెయ్యండి" అన్నాడు మా నాన్న. ఆ మాట మా చుట్టాలందరి నోళ్ళలోనూ ముప్పై తొమ్మిదేళ్ళు నానింది.

అందుకే, ప్రభుత్వం జీవిత బీమా అంతా తన చేతిలోకి తీసుకున్న మరుసటి ఏడు, బెజవాడ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి తిరువూరుకు ఏజెంటు కావాలంటే, ఎవరికీ చెప్పకుండా సంతకం పెట్టేశాను. షరతు ఒక్కటే. మార్చి నెలాఖరులోపు పన్నెండు పాలసీలు చేయించాలి. లేకపోతే ఏజెన్సీ పోతుంది. సంతకం పెట్టాక మాత్రం బజారంతా చెప్పుకున్నాను. యాభై అయిదేళ్ళ మనిషికి అంత నోటిదూల ఏమిటో నాకే తెలియదు.

బావమరిది పడీపడీ నవ్వాడు. "మీరు? అమ్ముతారా? సరే బావగారూ, బల్ల ఎక్కడికీ పోదు. మార్చి దాకా అలాగే ఉంచుతాను" అన్నాడు. ఆ మాట నా ఎముకల్లో దిగింది.

ఇన్‌స్పెక్టరు ముప్పై ఏళ్ళ కుర్రాడు, నలగని చొక్కా. "ముందు భయపెట్టాలి మాస్టారూ, తర్వాత ధైర్యం చెప్పాలి" అని చిన్న పుస్తకం ఒకటి చేతికిచ్చాడు. పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించినట్టు నేను దాన్ని వల్లె వేశాను. చంకలో నల్లసంచీ, చేతిలో గొడుగు, బస్సెక్కి మొట్టమొదట వినగడప వెళ్ళాను. అక్కడ ఒక మోతుబరి నా పాత శిష్యుడు. అతను పొలం వెళ్ళాడు, వాళ్ళమ్మ పంచలో కూర్చుని ఉంది. సరే, ఈవిడకే చెబుదామని గొంతు సవరించుకుని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను.

"అమ్మా, రేపు హఠాత్తుగా మీ అబ్బాయి పోయాడనుకోండి..."

ఇంకో మాట రానిస్తేనా! ముసలావిడ చేతిలో చేట కింద పడేసి లేచింది.

"నీ నోట్లో మన్ను పొయ్య! నా కొడుకు నిక్షేపంగా పొలం దున్నుకుంటంటే గుమ్మంలోకొచ్చి ఏం కూతలయ్యా ఇవి? పంతులువని ఊరుకుంటన్నా, ఇంకొకడైతే ఈ చేటతోనే కొట్టేదాన్ని. పో!"

నేను బస్సు కోసం కూడా ఆగలేదు, గొడుగు అక్కడే మర్చిపోయి రోడ్డెక్కాను.

మూడు నెలలు అదే వరస. నా నల్లసంచీ కనిపిస్తే చాలు, అరుగుల మీది ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకునేవాళ్ళు. మంచినీళ్ళ బావి దగ్గర నన్ను "చావు పంతులు" అంటున్నారని మా ఆవిడ చెవినపడింది. రెండు రోజులు నాకు చెప్పలేదు. మూడో రోజు అన్నంలో నెయ్యి వేస్తూ చెప్పింది. కంచం పక్కకు జరిపి లేచాను.

దసరా వెళ్ళాక సిగ్గు విడిచి పాత శిష్యుల్ని ఒక్కొక్కళ్ళనే విడిగా పట్టుకోవడం మొదలుపెట్టాను. పొలం గట్ల మీదా, కాఫీ హోటల్లోనూ. "మాస్టారడిగితే కాదంటామా అండీ" అన్నారు వాళ్ళు. రెండు నెలల్లో ఏడుగురు ఒప్పుకున్నారు. వినగడప ముసలావిడ కొడుకూ ఒప్పుకున్నాడు, "మా అమ్మకు మాత్రం చెప్పొద్దండీ" అని. డాక్టరు పరీక్షలు అయ్యాయి. వయసు రుజువు కావాలంటే మా బడికే వెళ్ళాను. పాత రిజిస్టర్లు తీయించి, ఏడుగురికీ సర్టిఫికెట్లు రాయించాను. ఆ రిజిస్టర్లన్నీ నా దస్తూరీయే. నా ముత్యాలను చూసుకుని మురిసిపోయాను. కాగితాలు బెజవాడ పంపి, ఆ సాయంత్రం కావాలని బావమరిది కొట్టు ముందు నుంచి రెండుసార్లు నడిచాను.

జనవరిలో ఇన్‌స్పెక్టరు బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. ఏడు దరఖాస్తులూ మా అరుగు మీద పేకముక్కల్లా పరిచాడు.

"మాస్టారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ ఏడుగురూ జూలై ఒకటినే పుట్టారు. మీ తాలూకాలో మిగతా రోజుల్లో కాన్పులు రావా?"

నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. చూసుకుంటే నిజమే. ఏడుగురూ జూలై ఒకటే.

ఇది మా బడిపంతుళ్ళందరి పాపమే. పిల్లవాణ్ణి బళ్ళో వేయడానికి తండ్రి తీసుకొస్తాడు. "ఎప్పుడు పుట్టాడయ్యా?" అంటే "ఏమో అండీ, జొన్నలు కోస్తన్నప్పుడు" అంటాడు. పిల్లవాడి కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమంటాం. చెవి అందిందా, అయిదేళ్ళు నిండినట్టే. ఆ ఏటి సంవత్సరంలోంచి అయిదు తీసేసి, జూలై ఒకటి అని రాసేస్తాం. బడి తెరిచే రోజులు కాబట్టి లెక్కకు సుఖం. చేతులు పొడుగైన పిల్లవాడు పెద్దవాడైపోతాడు, పొట్టివాడు చిన్నవాడైపోతాడు. ముప్పై మూడేళ్ళపాటు తాలూకా మొత్తానికి నేనే బ్రహ్మనై పుట్టినరోజులు రాశాను. ఒక్కనాడూ అది తప్పనిపించలేదు.

"పై ఆఫీసువాళ్ళకు మీమీదే అనుమానంగా ఉంది సార్. రిజిస్టరు రాసింది మీరు, పాలసీ చేయిస్తోంది మీరు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పుట్టినప్పుడు రాసిన కాగితం ఏదైనా ఉంటే తెండి. జాతకమో, ఇంకోటో. లేకపోతే ఈ ఏడూ పోతాయి, మీ ఏజెన్సీ కూడా పోతుంది. నా చేతుల్లో లేదు."

"నేను దొంగననా నీ ఉద్దేశం?" అని అతని మీద అరిచాను. అతను పాపం తల దించుకుని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నాకు తిట్టుకోవడానికి నేను తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

ఏడుగురు శిష్యుల్నీ అడిగాను. జాతకం సంగతి ఒక్కడికీ తెలియదు. ఈ లోపల బజారులో సంగతి పొక్కనే పొక్కింది. బావమరిది ఎదురొచ్చి, "బావగారూ, పరుపులో దూది మళ్ళీ ఏకించాను" అన్నాడు, నవ్వకుండా. నవ్వినా బాగుండేది.

ఇంటికొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. మా ఆవిడ వచ్చి పక్కన నిలబడింది.

"మగాళ్ళనడిగితే ఏం తెలుస్తుందండీ? వాళ్ళేమైనా కన్నారా? కన్నవాళ్ళనడగాలి."

"కన్నవాళ్ళు నన్ను గుమ్మం ఎక్కనిస్తేగా!"

"నన్నెక్కనిస్తారు. రేపు పొద్దున బస్సుకు లేవండి" అంది.

మర్నాడు ఇద్దరం వినగడప వెళ్ళాం. ముసలావిడ పంచలో కందులు చెరుగుతోంది. నన్ను చూడగానే చేట ఆపింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. మా ఆవిడ మాత్రం తిన్నగా వెళ్ళి ఆవిడ పక్కన చతికిలబడి, చేటలో రాళ్ళేరడం మొదలుపెట్టింది.

"ఆయన మాట వదిలెయ్యి పిన్నీ. ఆ మాట అన్నందుకు ఇంట్లో నేనూ గడ్డి పెట్టాను. ఒక్క ముక్క చెప్పు. నీ కొడుకు ఎప్పుడు పుట్టాడు?"

చేట కదల్లేదు. ముసలావిడ మొహం మారిపోయింది. ఆ ప్రశ్న ఆవిణ్ణి ఎన్నేళ్ళుగా ఎవరూ అడగలేదో.

"ఎప్పుడేంటమ్మా, కట్లేరు పొంగినప్పుడు. నొప్పులొచ్చేతలికి మంత్రసాని అవతల ఒడ్డున ఉండిపోయింది. మా ఆయన ఈ ఒడ్డున నిలబడి కేకలేస్తన్నాడు, అది ఆ ఒడ్డున నిలబడి కేకలేస్తంది. ఇంట్లో నేను చస్తన్నా. అప్పుడు మా అత్త, పుణ్యాత్మురాలు, ఎప్పుడూ నాతో సరిగ్గా మాటాడింది లేదు, కొడవలి కాల్చుకొచ్చి తనే పురుడు పోసింది. బిడ్డ ఏడవలా. చెవి దగ్గర కంచం మోగించారు. ఒకసారి కాదు, పదిసార్లు. అప్పుడేడిచాడు, ఊరంతా వినపడేట్టు!"

చెబుతూ ఆవిడ నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేనెప్పుడు అరుగెక్కానో, ఎప్పుడు కూర్చున్నానో నాకే తెలియదు.

"మరి జాతకం రాయించారా పిన్నీ?" అంది మా ఆవిడ మెల్లగా.

అంతే, ముసలావిడ నోరు మూసుకుంది. జాతకం అంటే ఆయువు రాసిన ఆకు. అది పరాయివాళ్ళ కంటపడితే బిడ్డకు మంచిది కాదని మా వైపు తల్లులు పెట్టెల అడుగున దాచేస్తారు, కొడుక్కి కూడా చూపించరు. నా శిష్యులకు తెలియకపోవడంలో ఆశ్చర్యమేముంది?

"ఇదిస్తే నా కొడుక్కి ఏమవుద్ది?" అని ఆవిడ నన్ను అడిగింది. తిట్టిన రోజు తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

పుస్తకంలో మాట ఒక్కటీ నా నోటికి రాలేదు. "ఏమీ కాదమ్మా. నీ కొడుకు నిండు నూరేళ్ళూ ఉంటాడు. ఇరవై ఏళ్ళకు ఆ డబ్బు తనే లెక్కపెట్టుకుంటాడు. కాకపోతే ఎప్పుడైనా ఏరు పొంగి, రావలసిన మనిషి అవతలి ఒడ్డున ఉండిపోతే..." అని ఆగిపోయాను.

ఆవిడే పూర్తి చేసింది. "ఇంట్లో మా అత్త ఉన్నట్టన్నమాట."

"అంతే అమ్మా. సరిగ్గా అంతే."

ఆవిడ లోపలికి వెళ్ళి, పెళ్ళిచీర మడతల్లోంచి పసుపు పూసిన తాటాకు తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టింది. మా ఆవిడ నాకిచ్చింది. దుందుభి నామ సంవత్సరం, శ్రావణ బహుళ తదియ. నేను రిజిస్టరులో అతనికి రెండేళ్ళు తక్కువేశాను. ఆ మాట చెబితే ముసలావిడ బుగ్గలు నొక్కుకుంది.

"నా కొడుక్కి రెండేళ్ళు ఎగ్గొట్టావా పంతులూ! ఆ రెండేళ్ళూ నేను మోసినవే కదయ్యా!"

"తప్పయిపోయింది, ఇప్పుడు దిద్దుతాను" అన్నాను. బడిలో అన్నేళ్ళున్నా నేనెవరికీ అలా తప్పు ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఇంత తేలిగ్గా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో ఒప్పుకునేవాణ్ణి.

వెళ్ళేటప్పుడు ఆవిడ చూరులోంచి నా గొడుగు తీసిచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు, మా ముందు నడుస్తూ ఇంకో మూడిళ్ళకు తీసుకెళ్ళింది. "ఈయన చావు సంగతి మాటాడ్డమ్మా, పుట్టుక సంగతి మాటాడతాడు, కూకోండి" అని తనే పరిచయం చేసింది.

ఆ రెండు నెలలూ నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి. నల్లసంచీ ఇంట్లో పారేశాను. మా ఆవిడా నేనూ ఊరూరా తిరిగి తల్లుల్ని ఒకే ప్రశ్న అడిగాం. అబ్బ, ఏం చెప్పేవాళ్ళండీ! నెమలి అనే ఊళ్ళో ఒక తల్లి పొద్దున్నే మొదలుపెట్టి మాకు మజ్జిగా అన్నమూ పెట్టి, సాయంత్రం బస్సు వేళకు గానీ కొడుకును కనలేదు. ఇంకో ఆవిడ చెబుతుంటే పక్కింటావిడ "అబద్ధం, ఆ రోజు నేనున్నాగా" అని తగువుకొచ్చింది. ఆ తగువులోంచి రెండు పాలసీలు వచ్చాయి. ఏడుగురిలో ఒకడు అసలు వయసు బయటపడితే ప్రీమియం పెరుగుతుందని జారుకున్నాడు, పోతే పోయాడు. మిగతా ఆరుగురూ ఉన్నారు. మార్చి రెండో వారానికి కొత్తవాళ్ళు ఇంకో ఆరుగురు చేరారు.

పన్నెండు! బెజవాడ నుంచి ఉత్తరం పట్టుకుని ఇన్‌స్పెక్టరు తనే వచ్చాడు. "మీ మీద అనుమానం పడ్డ ఆఫీసరే మీ కాగితాలు అందరికీ చూపిస్తున్నాడు సార్, వయసు రుజువులంటే ఇలా ఉండాలని. ఏం చేశారు మాస్టారూ?" అన్నాడు. "నువ్విచ్చిన పుస్తకం పారేశాను" అన్నాను. ఆ రోజు బజారులో నేను ఛాతీ విరుచుకుని నడిచాను. దాచుకోవడం దేనికి, గర్వంగానే నడిచాను. మా నాన్న బతికుంటే ఆయన ఎదురుగా కూడా నడిచేవాణ్ణి.

ఆ తర్వాత మూడో రోజు పొద్దున బావమరిది మా ఇంటికొచ్చాడు. ఎప్పుడూ వీధిలోంచే కేకేసి పోయే మనిషి, చెప్పులు విప్పి అరుగెక్కాడు.

"బావగారూ, నాక్కూడా ఒకటి రాయండి."

"నాకు పన్నెండూ నిండాయోయ్. నీది లేకపోయినా నాకు గడుస్తుంది" అన్నాను. ఆ మాట అనడం కోసమే తొమ్మిది నెలలు బతికినట్టుంది.

"తెలుసు. నిండాలనే ఆగాను. ముందే వస్తే, బావమరిది జాలిపడి తీసుకున్నాడనరూ?"

వెధవ, నాకన్నా బాగా ఆలోచించాడు. దరఖాస్తు కాగితం తీసి, "పుట్టిన తేదీ?" అన్నాను.

"మీరు పెట్టిందే కదండీ. జూలై ఒకటి."

"అది చెల్లదు. పద, మీ అమ్మనడుగుదాం."

మా ఆవిడ కూడా వెంట వచ్చింది. మా అత్తయ్యగారు అరవై దాటినా అల్లుడి ఎదుటపడని మనిషి. తలుపు చాటునుంచే, "అల్లుడుగారికి భోషాణం మూత తీసి చూపించరా" అంది కొడుకుతో. వ్యాపారస్థుల ఇళ్ళల్లో పెద్ద చెక్కపెట్టె అది, ముగ్గురు పడుకోవచ్చు. మూత లోపలి వైపు మా మామగారు నల్లసిరాతో పిల్లల పుట్టుకలు వరసగా రాసిపెట్టారు. రెండో వరస బావమరిదిది, ఆనంద నామ సంవత్సరం.

మొదటి వరస నా భార్యది. విరోధికృతు నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ ఏకాదశి, శుక్రవారం.

దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పెళ్ళయి ముప్పై మూడేళ్ళు. తాలూకాలో తల్లులందరినీ వాళ్ళ పిల్లల పుట్టినరోజులడిగి వచ్చాను. మా ఆవిడది నేనెప్పుడూ అడగలేదు. ఇంకో సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. బళ్ళో నా ప్రావిడెంటు ఫండు కాగితంలో, వారసురాలి పుట్టిన తేదీ అన్నచోట, నా ముత్యాల దస్తూరీతో నేను రాసింది జూలై ఒకటి.

"నీకు తెలుసా ఇది ఇక్కడుందని?" అన్నాను.

"చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. మీరడగలేదుగా" అంది. నిష్ఠూరంగా అనలేదు. అంటే బాగుండేది.

ఆ సాయంత్రం మా ఇంటి ముందు ఒంటెద్దు బండి ఆగింది. అందులో రాతబల్ల, పరుపు. బండి వెనకే బావమరిది.

"మీ కోసం ఉంచుతానన్నాను కదా. మాట తప్పడం మా కొట్టుకు మంచిది కాదు. ఎక్కడ వేయించమంటారు?"

అరుగు మీద వేయించాను. వీధిలో పోయే ప్రతివాడికీ కనపడేట్టు. పరుపు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, కొత్త డైరీ తెరిచి, పాత పంచాంగాలు ముందేసుకుని లెక్క కట్టి, ఆ బల్ల మీద మొట్టమొదట మా ఆవిడ పుట్టినరోజు రాశాను. డిసెంబరు ఒకటి. దాని కింద తిథి, మాసం, సంవత్సరం.

ఆవిడ కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి, వంగి చూసింది.

"శుక్రవారం వదిలేశారు" అంది.

శుక్రవారం కూడా రాశాను.